కమ్యూనికేషన్ ఎమ్మే పట్టాకు కావలసినవి

ఆర్గనైజేషనల్ కమ్యూనికేషన్‌లో ఎమ్మే పట్టా పుచ్చుకోవడానికి ఏమేం కావాలో యూనివర్సిటీ వాళ్ళిచ్చిన పచ్చ అట్ట పుస్తకంలో పదకొండు పేజీల నిండా రాసి ఉంది. బుర్ర కావాలని మాత్రం ఎక్కడా లేదు. అందుకే కాబోలు మా బ్యాచ్‌లో ముప్పైనాలుగు మంది చేరితే ముప్పైమూడు మంది పాసయ్యారు. మిగిలిన ఆ ఒక్కడూ మధ్యలో మంచి ఉద్యోగం దొరికి మానేశాడు.

ముందు ఏదో ఒక డిగ్రీ ఉండాలి. రెండేళ్ళపాటు నెలకు రెండు ఆదివారాలు విరుదునగర్ స్టడీ సెంటర్లో కూర్చుని నూటికి డెబ్బై అయిదు హాజరు వేయించుకోవాలి. పది పేపర్లు రాయాలి. ఆపైన ఏదైనా ఒక సంస్థను తీసుకుని, అందులో ఒకరి మాట ఇంకొకరికి ఏ దారిన చేరుతోందో పరిశీలించి వంద పేజీలకు తగ్గకుండా రాయాలి. ఇందులో ఉన్నదంతా నిజమేనని ఆ సంస్థ పెద్ద సంతకం పెట్టి గుండ్రటి ముద్ర వేయాలి. చివర్లో వైవా. పెళ్ళిచూపులకు మేనమామను తీసుకెళ్ళినట్టు ఆ పెద్దమనిషిని వైవాకు కూడా వెంటబెట్టుకుని వెళ్ళాలి. ఇన్నీ అయ్యాక, మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో మనకు తెలిసినట్టు లెక్క.

నాకు ఆ పట్టా ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. రెండువేల సంవత్సరం నాటికి నేను కోవిల్‌పట్టి బయట ఎట్టయపురం రోడ్డు మీది ఒక స్పిన్నింగ్ మిల్లులో ఏడేళ్ళుగా టైమ్ ఆఫీసు గుమాస్తాని. ఎవరు ఎన్నింటికి లోపలికి వచ్చారు, ఎన్నింటికి బయటికి పోయారు, ఇది రాయడమే నా పని. కార్డు పెడితే టైము గుద్దే మిషను రాబోతోందనీ, అది వస్తే ముగ్గురు గుమాస్తాలు అక్కర్లేదనీ అందరికీ తెలుసు. సరిగ్గా అప్పుడే కోయంబత్తూరు హెడ్డాఫీసు నుంచి ఒక సర్క్యులర్ దిగింది. ప్రతి మిల్లులోనూ ఒక కమ్యూనికేషన్ ఆఫీసర్ ఉండాలట. ఆ కుర్చీకి ఈ ఎమ్మే ఫస్ట్ క్లాసులో కావాలట. లోపలివాళ్ళకు రెండున్నరేళ్ళు గడువు. అంటే ఫస్ట్ క్లాసు వస్తే ఫ్యాను కింద ఆఫీసర్ కుర్చీ, రాకపోతే మా నాన్న అయ్యాసామి రేగడి చేలో పత్తి ఏరుకోవడం. వయసు ఇరవై ఎనిమిది. ఇంకో దారి నాకు కనిపించలేదు.

మా మిల్లుకు పెద్ద పర్సనల్ మేనేజర్ దామోదరసామి. మావాడే. అమ్మ వైపు చుట్టరికం ఏదో ఉంది. ఇంట్లో అయితే మామా అనాలి, మిల్లులో సార్ అనాలి. మడత నలగని తెల్లచొక్కా, నుదుట గంధం, వంద మాటల్లో తొంభై తన గురించే. ఆయనకు జీవితంలో ఒకే ఒక్క గట్టి నమ్మకం ఉంది. మనం మాట్లాడే తెలుగు మన ఇంటి గడప దాటితే ఎవడికీ అర్థం కాదని.

మా ఊళ్ళల్లో మావాళ్ళందరికీ ఈ నమ్మకం ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బస్సులో ఎదుటి సీటువాడి ముక్కు మీద వ్యాఖ్యానం చేయాలంటే తెలుగు. బేరంలో మనలో మనం రేటు అనుకోవాలంటే, కొట్టువాడి మొహం మీదే తెలుగు. మూడు నాలుగు వందల ఏళ్ళుగా ఇక్కడే ఉంటూ, ఇక్కడి మనుషుల చేతనే చేలు దున్నించుకుంటూ, వాళ్ళకు మన మాట ఒక్క ముక్కా రాదని ధీమాగా బతకడం మావాళ్ళకే చెల్లింది. ఆ ధీమా నాకూ ఉండేదని ఒప్పుకుంటాను.

దామోదరసామి ఈ నమ్మకాన్ని మిల్లులో పాలనా పద్ధతిగా మార్చాడు. తెగిన దారాలు అతికే ఆడవాళ్ళు రెండు వందల మంది నూలు వడికే రింగ్ ఫ్రేముల మధ్య నిలబడి పనిచేస్తుంటారు. ఆయన రోజూ పదకొండింటికి అక్కడికి వచ్చి, మేస్త్రీ చెల్లసామితో మిల్లు రహస్యాలన్నీ తెలుగులో ముచ్చటించేవాడు. చెల్లసామి కూడా మావాడే. ఆ మిషన్ల హోరులో పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. కాబట్టి రహస్యాన్ని అరిచి చెప్పాలి. ఆయన అరిచేవాడు. ఆడవాళ్ళ తలల మీదుగా, మెడ నరాలు ఉబ్బేలా అరిచేవాడు.

"ఏమి చెల్లసామీ, వచ్చే నెల ఒగ షిప్టు నిలిపేయమని కోయంబత్తూరు వాండ్లు చెప్పినారు! ఈ మూల ఉండే పదైదు మందిని తీసేయాల! వాండ్లకి ఇపుడే తెలీకూడదు!"

"సరి సార్!" అని చెల్లసామి అంతకన్నా గట్టిగా అరిచేవాడు.

నెలాఖరుకు నోటీసు బోర్డు మీద కాగితం ఎక్కేసరికి ఆ పదిహేను మందిలో పన్నెండు మంది అప్పటికే సాత్తూరు వైపు మిల్లుల్లో చేరిపోయి ఉండేవాళ్ళు. దామోదరసామి నోరెళ్ళబెట్టేవాడు. యూనియన్‌వాళ్ళ మీద అనుమానపడ్డాడు. టైపిస్టును మార్చాడు. బీరువాకు కొత్త తాళం వేయించాడు. ఒకసారి తన గదిలో బల్లి ఏ గోడ మీద అరిచిందో కూడా ఆరా తీశాడు. తన నోటి మీద మాత్రం అనుమానం రాలేదు. ఇలాంటివాడు మనుషుల్ని నడిపే మేనేజర్, నేను వాకిట్లో గుమాస్తాని. ఒళ్ళు మండేది.

విరుదునగర్లో స్టడీ సెంటర్ అంటే పిల్లల బడి మేడ. గోడల మీద ఏనుగు, చిలక, అనాసపండు. బెంచీలు అయిదేళ్ళ పిల్లలకు చేయించినవి. మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా మేం అక్కడ కార్పొరేట్ సంస్కృతి గురించి నేర్చుకున్నాం. మాకు గైడు కుమారవేల్ అనే తమిళ లెక్చరర్. ఆయన పుట్టిబుద్ధెరిగి ఏ ఫ్యాక్టరీ గేటూ దాటలేదు. బోర్డు మీద ఒక డబ్బా గీసి చెప్పేవాడు అని రాసేవాడు. ఇంకో డబ్బా గీసి వినేవాడు అని రాసేవాడు. మధ్యలో బాణం. బాణం మీద మెలికలు తిప్పి, ఇది నాయిస్ అనేవాడు. మాట సరిగా చేరకుండా అడ్డుపడేదంతా నాయిసట. ఏడేళ్ళు రింగ్ ఫ్రేముల హోరు విన్నదాన్ని, నాకు నాయిస్ గురించి ఆయన చెబుతున్నాడు. నా పక్కన ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీ స్టోర్ కీపర్ ఒకాయన ఆ బాణాన్ని స్కేలు పెట్టి మరీ నోట్సులోకి దించుకునేవాడు. మధ్యాహ్నం నూనె పరోటా తిని వచ్చి, రెండో క్లాసులో అందరమూ సమానంగా నిద్రపోయేవాళ్ళం. హాజరు మాత్రం నూటికి నూరు.

పరిశీలనకు నేను మా మిల్లునే తీసుకున్నాను. యాభై మంది కార్మికుల చేత ప్రశ్నపత్రాలు నింపించాలని నియమం. పద్నాలుగో ప్రశ్న ఇది: యాజమాన్యం నిర్ణయాలు మీకు మొదట ఎలా తెలుస్తాయి? నోటీసు బోర్డు, మీటింగు, మేస్త్రీ, ఇతరములు, ఈ నాలుగింటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. నలభై తొమ్మిది మంది నోటీసు బోర్డుకు పెట్టారు. యాభయ్యో ఆమె పాండిసెల్వి. తొమ్మిదేళ్ళ సర్వీసు, నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దది. క్యాంటీను వెనక రేకుల నీడలో కూర్చుని పెన్సిల్ పట్టుకుని ఆ కాగితాన్ని అదే పనిగా చూస్తోంది. నాకు షిఫ్టు మస్టరు వేసే వేళ మించిపోతోంది.

"ఈ మొకానికి ఒగ గీత కొట్టేకి అర్ద గంట కావాల్నా" అని తెలుగులో గొణుక్కున్నాను.

ఆమె తల ఎత్తలేదు. "గీత కొట్టేకి ఎంతసేపు పాపా. యాడ కొడితే మీకి సరిపోతాదో అని యోచన చేస్తా ఉండాను" అంది, అచ్చం మా అమ్మ మాట్లాడే తెలుగులో.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె నవ్వింది. ఎనిమిదేళ్ళ వయసు నుంచి పెళ్ళయ్యేదాకా మావాళ్ళ చేలల్లోనే పత్తి ఏరిందట. పాపా అనే పిలుపు కూడా అక్కడ రైతుల కూతుళ్ళను పిలిచి అలవాటయిందే. మిల్లులో సగం మంది అలాంటివాళ్ళే. మిగతా సగానికి వీళ్ళు చెబుతారు.

"అయితే పెద్దాయన చెప్పేదంతా మీకి తెలుస్తాదా అక్కా?"

"ఆయన చెప్పేదే మాకి నోటీసు. బోర్డు మింద ఎక్కినాక చూసి ఏమి చేసేది? నలబై మంది ఒగే దినం ఒగే గేటు కాడ పోయి నిలిస్తే ఎవరు పని ఇస్తారు? ముందే తెలిస్తే నలుగురు ఈడ, అయిదుగురు ఆడ సర్దుకుంటాము." తర్వాత గొంతు తగ్గించింది. "ఇది ఎవరికీ చెప్పొద్దు పాపా. ఆయన తెలుగు నిలిపేస్తే మాకి వేరే దోవ లేదు."

"కండిప్పా చెప్పనక్కా, సత్తెంగా" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. ఆమె నోటీసు బోర్డుకు టిక్కు పెట్టి కాగితం నా చేతికిచ్చింది.

ఆనాటి నుంచి నాలుగింటి టీ ఆమె పక్కన కూర్చునే తాగేదాన్ని. దామోదరసామి ఫ్రేముల మధ్య నిలబడి అరుస్తుంటే, ఆడవాళ్ళు రాతిబొమ్మల్లా మొహాలు పెట్టుకుని దారాలు అతుకుతుంటే, కిటికీలోంచి చూసి నేను కడుపు పట్టుకుని నవ్వుకునేదాన్ని. రెండేళ్ళలో నాకు దొరికిన అసలైన సంతోషం అదొక్కటే. రెండువేల రెండు వేసవిలో నా నూట ఆరు పేజీల రాతను కుమారవేల్ చేతిలో పెట్టాను. నోటీసు బోర్డు ఎత్తు ఎంత, సలహాల పెట్టె ఏ రంగు, మీటింగులు నెలకెన్ని, అన్నీ ఉన్నాయి.

ఆయన పది నిమిషాలు తిరగేసి పక్కన పెట్టాడు. "అమ్మా, బైండింగు బాగుంది" అన్నాడు తమిళంలో. "ఇవి ఏ మిల్లులో అయినా ఉండేవే. కొత్తగా కనిపెట్టింది ఏది? ఒక ఫైండింగ్ కావాలి. ఇలాగే ఇస్తే నలభై రెండు వేయగలను. ఫస్ట్ క్లాసుకు అరవై కావాలి కదా నీకు?"

ఫైండింగ్ ఏమిటో నాకు తెలుసు. నోట్లో ఉంది. మింగేసి బస్సెక్కాను.

ఆ వారమే సంతకం కోసం దామోదరసామి నన్ను తన గది బయట మూడు రోజులు నిలబెట్టాడు. నాలుగో రోజు లోపలికి పిలిచి, నా ప్రతిని బల్ల మీద పెట్టుకుని, దాని మీద కాఫీ గ్లాసు దించాడు. ముఖపత్రం మీద గుండ్రంగా మరక పడింది.

"కమ్యూనికేసన్‌కి ఎమ్మే ఎందుకే వాసుకీ?" అన్నాడు. "నాకి నోరు ఉండాది, చెప్తాను. వాండ్లకి చెవులు ఉండాయి, వింటారు. ఇంతేగదా. ఇందులో నూరు పేజీ ఏమి రాసినావు? ఆడబిడ్డవి, చుమ్మా, ఊరికే రాసిందే రాసి ఉంటావు."

"ఇంకా పదకొండు పేజీలు ఉండాయి సార్. చేర్చి తెస్తాను" అన్నాను.

ఇంటికెళ్ళి ఆ పదకొండు పేజీలూ ఒక్క ఊపున రాశాను. ఒక మిల్లులో ఒక అధికారి, కార్మికులకు రాదనుకుని ఒక ఇంటిభాషలో నిర్ణయాలు బాహాటంగా చెబుతాడనీ, కార్మికులకు ఆ భాష పదేళ్ళుగా వచ్చుననీ, ఆ సంస్థలో నమ్మకంగా పనిచేసే సమాచార మార్గం అదొక్కటేననీ రాశాను. తేదీలు పెట్టాను. అరుపు ఎన్ని అడుగుల దాకా వినిపిస్తుందో కూడా కొలిచి పెట్టాను. మిల్లు పేరు క అన్నాను, అధికారి పేరు గ అన్నాను, పాండిసెల్వి పేరు ఎక్కడా రానివ్వలేదు. పేరు దాస్తే మనిషిని దాచినట్టేనని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఫస్ట్ క్లాసు కోసం రాశానంటే అది సగమే నిజం. మిగతా సగం, ఆ మనిషి మూర్ఖత్వం కాలికో గుడ్డ అట్ట వేసుకుని, బంగారు అక్షరాలు దిద్దుకుని, యూనివర్సిటీ లైబ్రరీలో కలకాలం ఉండాలని రాశాను. అది రాస్తున్నంతసేపు నాకు పాండిసెల్వి గుర్తు రాలేదు. దామోదరసామి మొహమే కళ్ళ ముందు ఉంది.

ఆయన చదవకుండానే సంతకం పెడతాడని నాకు తెలుసు. చదవకుండానే పెట్టాడు. ముద్ర కూడా తనే వేశాడు. వైవాకు వస్తాడు, నిజమే. కానీ వైవా ఇంగ్లీషులో. ఆయన ఇంగ్లీషు 'సీ మీ', 'డూ ఇట్' దగ్గర ఆగిపోతుంది. వచ్చి ఏనుగు బొమ్మ కింద కూర్చుని కునుకు తీస్తాడనుకున్నాను.

సెప్టెంబరులో ఒక ఆదివారం మిల్లు కారులో విరుదునగర్ వెళ్ళాం. దామోదరసామి జరీ అంచు పంచె కట్టుకొచ్చాడు. బెంచీలో పట్టక అడ్డంగా కూర్చున్నాడు. మదురై నుంచి వచ్చిన పరీక్షాధికారి నన్ను ఇంగ్లీషులో నాలుగు ప్రశ్నలడిగాడు. చెప్పాను. అంతా సవ్యంగా అయిపోయేదే. కానీ కుమారవేల్‌కు తన శిష్యురాలి ఫైండింగ్ చూసి గర్వం తలకెక్కింది. అతిథికి అర్థం కాకుండా పోతోందే అని ఆయన మర్యాద ఒకటి పొంగుకొచ్చింది. తమిళంలోకి దిగాడు.

"సార్, ఇది తమరు తప్పక వినాలి. బ్రహ్మాండమైన ఫైండింగ్! మీ మిల్లులో తమరు తెలుగులో చెప్పే రహస్యాలన్నీ ఆ ఆడవాళ్ళకు పదేళ్ళుగా అర్థమవుతున్నాయట! బోర్డు మీద నోటీసు ఎక్కేలోపే వాళ్ళు వేరే పని వెతుక్కుంటున్నారట! తమరేమో తాళాలు మారుస్తున్నారట!"

పరీక్షాధికారి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. కుమారవేల్ బల్ల చరిచి నవ్వాడు. రెండేళ్ళుగా ఏ మాట ఎవరికి చేరాలో, ఎవరికి చేరకూడదో మాకు పాఠం చెప్పిన మనిషి ఆయన.  దామోదరసామి ఒక్క క్షణం ఆగి, తర్వాత వాళ్ళతోపాటు తనూ నవ్వాడు. నాకు అరవై ఎనిమిది వచ్చింది.

తిరుగు దారిలో సాత్తూరు వచ్చింది. ఆయన అక్కడ కారు ఆపించి దోసకాయలు కొని, కారం అద్దిన ముక్క ఒకటి నాకిచ్చాడు.

"మంచి పని చేసినావు వాసుకీ" అన్నాడు. "ఇన్ని ఏండ్లు ఒగడూ నాకి ఇది చెప్పలేదు. సదువు అంటే ఇదే గదా."

"సార్, ఎవరినీ ఏమీ అనొద్దు..."

"పేర్లు నాకి ఎందుకు? ఎవరినీ ఏమీ అనను. దోసకాయ తిను."

తిన్నాను. ఇంత అవమానం జరిగినా కోపం తెచ్చుకోవడం కూడా చేతకాని మనిషని లోపల ఈసడించుకుంటూ తిన్నాను. ఎవరినీ ఏమీ అననన్నాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదనుకున్నాను. ఇంట్లో అమ్మ సుబ్బమ్మాళ్ పాయసం చేసి పెట్టింది.

సోమవారం పదకొండింటికి దామోదరసామి ఫ్రేముల మధ్యకు వచ్చాడు. చెల్లసామి చెవి ముందుకు పెట్టి నిలబడ్డాడు. ఆయన జేబులోంచి చీటీ తీసి అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. చీటీ ఇంగ్లీషులో ఉంది, హెడ్డాఫీసు కాగితం చూసి ఉన్నదున్నట్టు దించినది. చెల్లసామికి ఇంగ్లీషు రాదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, టైమ్ ఆఫీసు కిటికీ దగ్గరకు తెచ్చి నా చేత చదివించుకున్నాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాత అదే పద్ధతయింది. మిల్లు రహస్యాలన్నీ ఇప్పుడు ముందుగా నా కళ్ళబడేవి. రహస్యం బయటికి పొక్కిందంటే నేను తప్ప వేరే దారి లేదు. అది దామోదరసామికీ తెలుసు. ఆయన్ను మూర్ఖుడనుకున్నానే, ఆ ఏర్పాటు చేసిన రోజు ఆయన మూర్ఖుడేమీ కాదు.

"పెద్దాయనకి ఏమయింది పాపా?" అని టీ దగ్గర పాండిసెల్వి అడిగింది. "నోరు పడిపోయిందా? ఒగ మాట లేదు."

"గొంతు నొప్పంట" అన్నాను.

"గొంతు నొప్పి ఇన్ని దినాలు ఉంటాదా?"

"వయసయింది గదా అక్కా" అన్నాను. ఆమె నమ్మింది. నేను చెప్పాను కాబట్టి నమ్మింది.

రెండువేల మూడు జనవరిలో నాకు ఆఫీసర్ ఆర్డరు వచ్చింది. గది, ఫ్యాను, చేతుల కుర్చీ. తలుపు మీద పలక: వాసుకి, ఎం.ఏ. నేను చేసిన మొదటి సంస్కరణ ఒక రిజిస్టరు. ఏ నోటీసు వచ్చినా కార్మికులకు నోటితో వివరించి, అందినట్టు సంతకం తీసుకోవాలి. పేరు, టోకెన్ నంబరు, తేదీ, సమాచారం అందిన సమయం, సంతకం. అయిదు గడులు నా చేత్తోనే స్కేలు పెట్టి గీశాను. హెడ్డాఫీసు మెచ్చుకుంటూ లెటరు రాసింది. దామోదరసామి దాన్ని ఫ్రేము కట్టించాడు.

ఫిబ్రవరిలో ఒక బుధవారం మధ్యాహ్నం మూడింటికి నలభై రెండు పేర్ల జాబితా టైపు చేయడానికి నాకు వచ్చింది. గురువారం ఉదయం నుంచి వాళ్ళకు పని లేదు. తొమ్మిదో పేరు పాండిసెల్విది. టైపు చేశాను. తప్పుల్లేకుండా చేశాను. నాలుగింటికి టీకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ తెలియదు, వెళ్ళకపోతే అనుమానం వస్తుందనేమో.

పాండిసెల్వి జరిగి చోటిచ్చింది. "మా పిన్నమ్మ కూతురు చెప్పి పంపింది పాపా" అంది. "సాత్తూరు దగ్గర మిల్లులో ఎనిమిది మందిని తీసుకుంటా ఉండారంట. సాయంత్రం లోపల పోయి పేరు ఇయ్యాలంట. పదేండ్ల సర్వీసు వదిలి పోవాల్నా అని యోచనగా ఉండాది." గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "ఏమన్నా ఉండాదా పాపా ఈడ? నువ్వు ఆపీసరువి. నీకి తెలుస్తాది గదా."

ఒక్క తల ఊపు చాలు. మాట కూడా అక్కర్లేదు. బాణాలూ డబ్బాలూ ఏమీ అక్కర్లేదు. ఊపితే ఆమె వెళ్తుంది, వెంట ఇంకో ఏడుగురు వెళ్తారు, రేపు ఉదయం దామోదరసామి జాబితా చూసుకుని నా గదికి వస్తాడు. నాకు కుర్చీ చేతులు గుర్తొచ్చాయి. ఇంత సిగ్గుమాలిన సంగతి నేను ఇంకొకరికి చెప్పలేదు.

"ఏమీ లేదక్కా" అన్నాను.

"అయితే సరి" అని ఆమె మిగిలిన టీ తాగి పనికి పోయింది.

గురువారం ఎనిమిదింటికి గేటు లోపల బల్ల వేశారు. నోటీసు బోర్డు మీద జాబితా. బల్ల మీద నా రిజిస్టరు. పక్కన దామోదరసామి, గంధం ఇంకా ఆరలేదు. నలభై రెండు మందీ టిఫిను డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. మందగించిన మార్కెట్టు గురించీ, యాజమాన్యం బాధ గురించీ నేను తమిళంలో వివరించాను. ఎక్కడా తడబడలేదు. పేపర్ సిక్స్‌లో నేర్పినట్టు ముందు విచారం, తర్వాత కారణం, చివర్లో కృతజ్ఞత. ఎవరూ ఏడవలేదు. ఎవరూ తిట్టలేదు. వాళ్ళ మొహాల్లో ఉన్నది నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. పదేళ్ళలో మొదటిసారి వాళ్ళకు ఏమీ తెలియకుండా జరిగింది. వెనక వరుసలో ఒకామె ఇప్పుడు బయల్దేరితే సాత్తూరుకు ఎన్నింటికి చేరతామని పక్కామెను అడిగింది. నిన్న సాయంత్రంతోనే అయిపోయిందని ఆమె చెప్పింది.

పేర్లు పిలిచాను. ఒక్కొక్కరే వచ్చి సంతకం పెట్టి వెళ్తున్నారు. తొమ్మిదో పేరు పిలిచాను.

పాండిసెల్వి వచ్చింది. టోకెన్ నంబరు వేసింది. తేదీ వేసింది. సమాచారం అందిన సమయం అన్నచోట ఎనిమిదీ పది అని వేసింది. సంతకం పెట్టలేదు. వేలు ఆ గడి మీద ఉంచి, తెలుగులో, అందరికీ వినపడేలా అడిగింది.

"మేడం, మాకి ఎపుడు తెలిసిందో రాసేకి గడి కొట్టినారు. మీకి ఎపుడు తెలిసిందో రాసేకి గడి యాడ?"

దామోదరసామి తల తిప్పాడు. వెనక ముప్పైమూడు మంది కదలకుండా నిలబడి వింటున్నారు. ఆ ముప్పైమూడు మందిలో సగానికి తెలుగు వచ్చు, మిగతా సగానికి వాళ్ళు చెబుతారు.

"లేదు" అన్నాను.

"అయితే ఈ పక్కన చోటు ఉండాది. రాయండి" అని పెన్ను నా వైపు తిప్పి పట్టుకుంది.

 పెన్ను నాదే, ఆఫీసు సిరా. నేను రాయవలసింది రెండు మాటలు: బుధవారం, మూడు. దామోదరసామి చూస్తున్నాడు. పాండిసెల్వి పెన్ను అలాగే పట్టుకుని ఉంది.

నేను కాగితంలోకి చూసి పదో పేరు పిలిచాను.